నాలుగో కమాను

నా పేరు బేబీ. నలభై ఏడేళ్లు వచ్చాయి, కూతురు స్వీటీ నాకంటే జానెడు పొడుగు పెరిగింది, అయినా నేను బేబీనే. సర్కారు దవాఖానలో ఆయాగా ఇరవై రెండేళ్ల సర్వీసు. పెద్ద డాక్టర్లతో, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే ఆఫీసర్లతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలిసినంత మా దేవిడిలో ఎవరికీ తెలియదని అందరూ అనేవాళ్లు. అందరికంటే గట్టిగా నేనే అనేదాన్ని. నిరుడు ఎండాకాలం మా ఇల్లు పోయింది ఆ నోటి వల్లనే.

పురానాపూల్ దాటి రెండు సందులు తిరిగితే సర్వర్ దేవిడి, ఒకప్పటి నవాబుగారి మహలు. ముందర ఏనుగు అంబారీతో సహా పట్టేంత దర్వాజా. దాని వెనక ఖాళీ జాగా, ఆ జాగా చివర నవాబుగారి గుర్రాల తబేలా. వరసగా ఆరు కమాన్లు. నవాబులు పోయారు, గుర్రాలు పోయాయి, ఒక్కో కమానులో ఒక్కో సంసారం చేరింది. నాలుగోది మాది. మా ఆయన పేరు డానియేలు; వాళ్ల తాత ఈ దేవిడికి సున్నం పని చేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా మామ ఇశ్రాయేలుదీ అదే పని, మా ఆయనదీ అదే పని. సిమెంటు మేస్త్రీలు గల్లీకి పదిమంది దొరుకుతారు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి డంగు సున్నం నూరి, చెయ్యి జారేంత నున్నగా గచ్చు తీసేవాళ్లు ఊరంతా వెతికినా నలుగురైదుగురు ఉంటారేమో. మసీదో, గుడో, పాత చర్చో బాగు చేయాలంటే మా ఇంటికే కబురు వచ్చేది.

నాకు మాత్రం ఆ ఇల్లంటే సిగ్గు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నర్సమ్మ ఎక్కడుంటావని అడిగితే, తెలివితక్కువగా "తబేలాల" అని చెప్పాను. నెల రోజులు నన్ను చూడగానే గుర్రంలా సకిలించి నవ్వారు. ఆ కసితో డానియేలు ప్రాణం తోడేశాను. కమానుకు ముందర సిమెంటు గోడ కట్టించాను, లోపల నడుమెత్తు దాకా టైల్స్ వేయించాను, గుండ్రటి కప్పు కనపడకుండా తెల్లటి థర్మాకోల్ సీలింగు కొట్టించాను. మా సూపరింటెండెంట్ గదిలో ఉన్నట్టే.

"సున్నం మేస్త్రి ఇంట్ల థర్మాకోలా?" అని డానియేలు ఒక్కసారి అన్నాడు.

"మేస్త్రివి నువ్వు, ఇంట్ల ఉండేది నేను" అన్నాను. మిగతా ఇళ్లవాళ్లు కూడా నన్ను చూసి అట్లాగే చేయించుకున్నారు.

దేవిడిని వారసులు ఒక బిల్డరుకు ఇచ్చారని, పద్నాలుగు అంతస్తులు లేస్తాయని సంక్రాంతి నుంచే చెవిన పడుతూ ఉంది. పాత కట్టడం, ముట్టుకోనివ్వరని కొందరు అన్నారు. మార్చి నెలాఖరున, మగవాళ్లందరూ పనులకు పోయిన పూట, భుజాన సంచీ వేసుకుని, అట్టకు కాగితాలు బిగించుకుని ఒక అమ్మాయి వచ్చింది. రెండో కమాను పుష్పమ్మ ఆమెకు మంచం వాల్చింది, చల్ల పోసింది. పుష్పమ్మ రెండు బర్రెలు పెట్టుకుని పాలమ్ముతుంది. కాగితాలంటే ఆమెకు భయం.

"బేబీ! ఆఫీసరమ్మ వచ్చింది. నువ్వు జర మాట్లాడు రా" అని కేకేసి, పాల క్యాన్లు పట్టుకుని కార్వాన్ దిక్కు వెళ్లిపోయింది.

మా దేవిడిలో ఒక అలవాటు ఉంది. ప్రతి వానాకాలం ముందు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పాత గోడలు తట్టి చూస్తారు. ఇల్లు పాతదని మనమే ఒప్పుకుంటే, కూలేటట్టుందని నోటీసు అంటించి పొమ్మంటారు. అందుకని కాగితాలు పట్టుకుని ఎవరొచ్చి ఇల్లు ఎప్పటిదని అడిగినా మా దగ్గర చంటిపిల్లలు కూడా ఒకటే చెప్తారు: కొత్తదే సార్, పక్కా.

మేడమ్‌ను మా ఇంట్లోకి తీసుకుపోయి కుర్చీ తుడిచి వేశాను.

"ఈ ఇళ్లు ఎప్పటివమ్మా?" అంది.

"కొత్తయే మేడమ్. పక్కా. మా పెళ్లయినంక కట్టినయి."

"ఆరిళ్లూ?"

"ఆరు గూడ. ఇరవై ఏండ్లు దాటలే."

ఆమె తల ఎత్తి థర్మాకోల్ వైపు చూసింది. "దీని పైన?"

"ఆర్‌సీసీ" అన్నాను. దవాఖాన కొత్త బ్లాకు కట్టినప్పుడు నేర్చుకున్న మాట అది. అనడానికే ఎంత బాగుందో.

"పాత మ్యాపులో ఇక్కడ తబేలా అని ఉంది. అది ఎటు వైపు ఉండేది?"

సకిలింపులు చెవిలో వినిపించాయి నాకు. "గదెప్పుడో కూలింది మేడమ్. జాగా మాత్రం మిగిలింది."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పాపం, ఎండలో తిరిగి అలిసిపోయింది అనుకున్నాను. చెప్పిందంతా రాసుకుని సంతకం అడిగితే ఇంగ్లీషులో పెట్టాను. ఆ సాయంత్రం డానియేలుకు ఈ సంగతి చెప్పనే లేదు. ఎవరో వచ్చారు, కొత్తదని చెప్పి పంపించాను, అది కూడా ఒక సంగతేనా?

ఏప్రిల్ రెండో వారంలో పాత కట్టడాల ఆఫీసువాళ్లు దర్వాజాకు పెద్ద కాగితం అంటించారు. ఇంగ్లీషు కాబట్టి స్వీటీ నిలబడి చదివింది, మేమంతా చుట్టూ మూగాం. దర్వాజా, దాన్ని ఆనుకుని ఉన్న రెండు గదులు పాత కట్టడాలు, వాటిని సున్నంతో బాగు చేసి ఉంచాలి. వెనక జాగాలో పద్నాలుగు అంతస్తులు కట్టుకోవచ్చు. పాతదీ ఉంటుంది, కొత్తదీ వస్తుంది, ఆఫీసూ బిల్డరూ దీనికి ఒప్పుకున్నారు.

"మరి మనం?" అన్నాడు డానియేలు.

స్వీటీ వేలు పెట్టి కిందికి జరిపింది. "వెనక ఆరు ఇండ్లు ఇటీవల కట్టినవి, ఆర్‌సీసీ కప్పు, పాత తబేలా మిగల్లేదు. అక్కడి నివాసులు ఇచ్చిన సమాచారం ప్రకారం. తీసెయ్యాలె. అభ్యంతరముంటే పదిహేను రోజులల్ల చెప్పాలె. గిదే డాడీ రాసింది."

ఆ రోజు మేడమ్ మొహం చిన్నబోయింది ఎండకు కాదని నాకప్పుడు తెలిసింది. ఆమె మాకోసమే వచ్చింది. ఎక్కడైనా ఒక పాత సున్నపు గోడ దొరుకుతుందేమో, ఇళ్లు నిలబెడదామని వచ్చింది. ఇన్నేళ్లలో మా ఇల్లు పాతదైతే బాగుండునని కోరుకుంటూ వచ్చిన ఒకే ఒక్క ఆఫీసరు ఆమె. నేను ఆమెకు ఆర్‌సీసీ చెప్పాను.

స్వీటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. సమాచారం ఇచ్చి సంతకం పెట్టినవాళ్లే ఆధార్ కార్డుతో వచ్చి, తప్పు చెప్పామని రాసివ్వాలట. అప్పుడైతే వచ్చి మళ్లీ కొలుస్తారట. సంతకం ఎవరిదో ఫోన్‌లో చెప్పరట.

"ఎవరు పెట్టిన్రు?" అని లొల్లి మొదలైంది. ఆ మేడమ్ పుష్పమ్మ మంచం మీద కూర్చుని చల్ల తాగుతుంటే చూశానని మూడో కమాను లీలమ్మ అంది.

"నేను చల్ల ఇచ్చిన. బేబీని పిల్చిన. పాలు పొయ్యనీకి పోయిన" అంది పుష్పమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. డానియేలు కూడా.

"నేనొచ్చేసరికి మేడమ్ రాసుడు అయిపోయింది" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. పుష్పమ్మ నన్ను చూసింది. ఆమె మొగుడు మా దవాఖానలోనే పోయాడు. అతను పడకలో ఉన్న పద్దెనిమిది రోజులూ నేనే అతని పక్క బట్టలు మార్చాను, నోట్లో గంజి పోశాను. ఆమె తల దించుకుని బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. పోయి రాసిచ్చి రమ్మని ఎంతమంది అన్నా, పెట్టని సంతకానికి ఏం రాసియ్యాలె అంది. ఆ మరునాటి నుంచి దేవిడిలో ఎవరూ ఆమె పాలు తీసుకోలేదు.

రేపు పోయి రాసిస్తాను అనుకుంటూ పదమూడు రోజులు గడిపాను. పద్నాలుగో రోజు ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకుని, డ్యూటీకని చెప్పి ఆ ఆఫీసుకు పోయాను. మెట్లెక్కుతూ ఏం చెప్పాలో పదిసార్లు అనుకున్నాను. తప్పు చెప్పిన మేడమ్, మా ఇల్లు తబేలానే. ఇంతే కదా.

మేడమ్ నన్ను గుర్తుపట్టింది. లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఇరవై రెండేళ్లలో ఒక్క ఆఫీసరూ నాకు కుర్చీ చూపించలేదు. పక్క టేబుల్ ఆయనతో "చెప్పాను కదా సార్, ఆ దేవిడిలో ఇల్లు అంత శుభ్రంగా పెట్టుకున్నావిడ. అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది ఈవిడొక్కతే" అంది. ఆయన నాకు నమస్తే పెట్టాడు. నేనూ పెట్టాను. మంచినీళ్లు ఇచ్చారు, తాగాను.

"ఏం పని మీద వచ్చారమ్మా?"

"ఏం లేదు మేడమ్. ఇటు దిక్కొచ్చిన, ఊకెనే చూసి పోదామని."

గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను. మరునాటితో గడువు అయిపోయింది.

మే మొదటి వారంలో బిల్డరు మనిషి నగేష్ వచ్చాడు. తబేలా ఖాళీ చేసేవాళ్లకు శివరాంపల్లి దిక్కు కట్టిన బిల్డింగులో తలా ఒక ఫ్లాటు ఇస్తారన్నాడు. నాలుగో అంతస్తు, లిఫ్టు ఉందన్నాడు. బర్రెల్ని లిఫ్టెక్కిస్తారా అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పుష్పమ్మ బార్కస్ దగ్గర తమ్ముడి కొట్టానికి బర్రెల్ని తోలుకుని ఒక్కతే వెళ్లిపోయింది. సామాను సర్దడానికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

నగేష్ వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "డానియేలన్నా, దర్వాజా పని నువ్వే పట్టాలె. సున్నం తెల్సినోడు ఇంకెవడున్నడు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సిగ్గుందా నీకు? ముందల దర్వాజాకు పౌడరు పూసుడు, ఎన్కల మా ఇండ్లు కూలగొట్టుడు. గది గూడ మా మొగనితోనేనా?" అని అరిచాను.

డానియేలు నన్ను ఆపాడు. "దర్వాజా ఏం పాపం చేసిందే? దాని మీది సున్నం మా తాత చేతి పని. ఇంకొకడొచ్చి సిమెంటు కొట్టి పోతే?" అని నగేష్‌కు సరేనన్నాడు.

ఇల్లు ఖాళీ చేయడానికి పది రోజులుంది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి రాగానే డానియేలు నిచ్చెన వేసుకుని, పనికొచ్చే కట్టె ఉందని థర్మాకోల్ సీలింగు ఊడదీశాడు. దుమ్మంతా దిగాక నేను తల పైకెత్తాను. పెళ్లయి వచ్చినప్పుడు చూసిన కప్పు అది, కానీ అప్పుడు చూసినట్టు లేదు. గుండ్రంగా, కోడిగుడ్డు లోపలి పెంకులా తెల్లగా, ఎక్కడా ఒక్క నెర్రె లేదు. నడిమిలో సున్నంతో చేసిన చిన్న పువ్వు. దాని రెక్క మీద ఎవరిదో బొటనవేలి గుర్తు, నిన్ననే నొక్కినట్టు ఉంది. టైల్స్ ఊడదీస్తే గోడలో గుర్రాలను కట్టిన ఇనుప కడియం బయటపడింది.

ఆ పది రోజులు మేం కూలరు పెట్టలేదు. మే నెలలో, ఊరంతా ఉడికిపోతుంటే, ఆ కప్పు కింద చల్లగా పడుకున్నాం. సగం సామాను మూటల్లో ఉంది, స్వీటీ పాట పెట్టుకుంటే గొంతు గుండ్రంగా తిరిగి వచ్చేది. "మమ్మీ, ఇంత మంచి ఇల్లు పెట్టుకుని గా థర్మాకోలేంది?" అని నవ్వింది. డ్యూటీ నుంచి పరుగెత్తుకుని ఇంటికొచ్చేదాన్ని. ఇరవై ఏళ్లు మూసిపెట్టుకున్న ఇంటి మీద, పోయే ముందర పది రోజులు పిచ్చి ప్రేమ పుట్టింది నాకు. పక్క మీద వెల్లకిలా పడుకుని ఆ పువ్వునే చూసేదాన్ని. డానియేలూ చూసేవాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగి పక్కకు తిరిగి పడుకునేదాన్ని.

ఆ పది రోజుల్లోనే ఒకనాడు మేడమ్ దర్వాజాకు వాడే సున్నం చూడటానికని వచ్చి, తెరిచిన మా తలుపులోంచి లోపలికి చూసింది. చెప్పులు విప్పి వచ్చింది. చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది.

"ఇది దర్వాజా కంటే పాతది" అంది. "గడువు లోపల వచ్చి, తప్పు చెప్పామని రాసిచ్చి ఉంటే ఆపేదాన్ని. ఇప్పుడు పై ఆఫీసర్లందరి సంతకాలూ అయిపోయాయి. రాస్తాను, కానీ ఆశ పెట్టుకోవద్దు."

ఆమె నా వైపు చూసింది. సంతకం మాట ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. ఫోటోలు తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. డానియేలు కప్పు వైపే చూస్తున్నాడు.

మేం ఫ్లాటుకు మారిన నాలుగో రోజున తబేలా మీదికి మిషను వచ్చింది. డానియేలు ముందర దర్వాజా మీద, కర్రలు కట్టుకుని పనిలో ఉన్నాడు. నేను అన్నం డబ్బా తీసుకుని పోయాను. వెనక ఒక్కో కమాను పడుతుంటే కింద నేల అదిరేది. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాలుగోది పడినప్పుడు మాత్రం తాపీ పట్టిన చెయ్యి ఆగింది.

సున్నంలో సుర్ఖీ కలపాలి. అంటే బాగా కాలిన పాత ఇటుకను దంచి, జల్లెడ పట్టిన పొడి. అది లేకపోతే పట్టు ఉండదు, కొత్త ఇటుక దానికి పనికిరాదు. పాత ఇటుక ఎక్కడ దొరుకుతుందా అని నగేష్ వెతుక్కోవాల్సిన పనే లేదు, వెనక గుట్టలుగా పడి ఉంది. దంచడానికి, జల్లించడానికి మా దేవిడి ఆడవాళ్లనే కూలికి పిలిచాడు. నేను దవాఖానలో లీవు పెట్టి వచ్చాను. జూన్ మొదటి వారం, చుక్క రాలడం లేదు, ఎండ ఇంకా మండుతూనే ఉంది. దర్వాజా నీడలో ఐదుగురం వరసగా కూర్చున్నాం. బార్కస్ నుంచి పుష్పమ్మ కూడా వచ్చింది. ఎవరూ పక్కకు జరిగి చోటివ్వలేదు. ఆమె ఎండలో, విడిగా కూర్చుని జల్లిస్తోంది.

డంగు తొట్టి దగ్గర డానియేలు ఒక్కడే ఉన్నాడు. తట్టెడు సుర్ఖీ తీసుకెళ్లి దింపాను. ఇటుక ఎరుపు నా మోచేతుల దాకా అంటింది. ఇంక ఆగలేకపోయాను.

"సంతకం పెట్టింది నేనే" అన్నాను.

అతను సున్నం కలుపుతూనే ఉన్నాడు. "ఎరికే."

"ఎరికెనా? ఎప్పటి సంది?"

"స్వీటీ కాగితం సదివిన్నాడే. మన దేవిడిల ఆర్‌సీసీ అనేటోళ్లు ఇంకెవరున్నరే?"

తొట్టి అంచు మీద కూర్చున్నాను. "మరి నన్నెందుకు అడగలే? పోయి రాసిచ్చి రా అని నాలుగు తన్నినా పోతుంటి కదా!"

"పద్నాలుగో దినం నువ్వు ఆధార్ కార్డు బ్యాగుల పెట్టుకుంటుంటే చూసిన. పోనీలే, చెప్పొస్తది అనుకున్న. నువ్వొచ్చినంక నీ మొఖం చూసిన." గరిటె పక్కన పెట్టాడు. "నేను నోరు తెరిస్తే, నా పెండ్లాం అబద్ధమాడిందని పదిమందిల చెప్పాలె. ఇల్లు బోతే బోనీ అనుకున్న."

ఏడవడానికి కూడా నాకు అర్హత లేదనిపించింది, కానీ ఏడుపు ఆగలేదు. తాతల నాటి కప్పు అతనిది. ఆ బొటనవేలి గుర్తు అతని తాతదో, తండ్రిదో. ఆ పది రోజులూ నా పక్కన పడుకుని, అంతా తెలిసి, ఆ పువ్వును చూసినవాడు అతను.

"నన్ను కాపాడినవ్, మంచిగనే ఉంది" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "ఆమె సంగతి?"

డానియేలు ఎండలో కూర్చున్న పుష్పమ్మ వైపు చూశాడు. "గది నా తప్పు గూడ. కానీ చెప్పాల్సింది నేను కాదు."

నా జల్లెడ తీసుకుని నీడలోంచి లేచాను. లీలమ్మ "ఏడికే, ఎండల?" అంది. పుష్పమ్మ పక్కన పోయి కూలబడ్డాను. వార్డు ఆ చివర నుంచి ఈ చివరకు వినపడే గొంతు నాది. దాన్ని ఎంత పైకి తీయగలనో అంత పైకి తీశాను.

"అందరు ఇనుండ్రి! ఇండ్లు కొత్తయని చెప్పింది నేను. సంతకం నాది. పుష్పక్క ఒక్క మాట గూడ అనలే. ఆమెది తప్పని నేనే అనిపిచ్చిన."

జల్లెడల చప్పుడు ఆగిపోయింది. తిడతారనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

పుష్పమ్మ చేతిలోని ఇటుక పొడిని ఒకసారి చూసుకుని, మెల్లగా జల్లెడలో పోసింది.

"గిప్పుడా బేబీ?" అంది.